పురుషులలో మర్మాంగపు ఈస్ట్ వ్యాధి: చక్కెరతో దానికి గల సంబంధం

కోయంబత్తూరు తెలుంగుపాళయంలోనైనా, మదురై పాతబస్తీ వీధులలోనైనా తెలుగు నేటికీ ఇంటి భాషగా నిలిచి ఉన్నది. విజయనగర కాలంలోను, ఆపైన నాయక రాజుల కాలంలోను తరలివచ్చిన కుటుంబాల సంతతివారు బడిలో తమిళం చదివినా, వంటింట్లోను పెళ్లిపందిరిలోను తెలుగే మాట్లాడుకొంటారు. అయితే ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ తెలుగు ఆగిపోతుంది. జ్వరమో, దగ్గో, మోకాలి నొప్పో అయితే తమిళంలో చెప్పడానికి ఎవరికీ తడబాటు లేదు. మర్మాంగానికి సంబంధించిన బాధ వచ్చినప్పుడు మాత్రం తమిళంలో చెప్పడానికి మాట దొరకదు, ఇంట్లో తెలుగులో చెప్పడానికి సిగ్గు అడ్డువస్తుంది. ఇటీవల ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుండి పనుల కోసం వచ్చినవారికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఆ మౌనం వల్ల చాలామంది పురుషులు నెలల తరబడి దాచుకొనే ఒక వ్యాధిని గురించి ఇక్కడ వివరిస్తున్నాము. వ్యాధి చిన్నదే, మందు కూడా చవకైనదే. కాని దాని వెనుక కొన్నిసార్లు పెద్ద వ్యాధి ఒకటి దాగి ఉంటుంది.

లక్షణాలు ఇలా మొదలవుతాయి. పురుషాంగపు కొనమీద, దానిని కప్పి ఉండే ముందోలు లోపలి వైపున ఎర్రదనం కనిపిస్తుంది. దురద, మంట ఉంటాయి. మూత్రం తగిలినప్పుడు మంట హెచ్చుతుంది. చిన్నచిన్న ఎర్రని పొక్కులు రావచ్చు. ముందోలు కింద విరిగిన పెరుగువంటి తెల్లని పదార్థం చేరి, తుడిచినా మరునాటికి మళ్లీ వస్తుంది. కొందరికి ముందోలు అంచున సన్నని పగుళ్లు ఏర్పడి, తోలు వెనుకకు జరపబోతే చురుక్కుమంటుంది. భార్యతో కలిసిన తరువాత బాధ పెరుగుతుంది.

ఇటువంటి బాధ కలిగినప్పుడు మనవారు మొదట అనుకొనే మాట ‘వేడి చేసింది’ అని. తమిళ ఇరుగుపొరుగువారు ‘సూడు’ అంటారు, భావం ఒకటే. వెంటనే బార్లీ నీళ్లు, మజ్జిగ, శనివారపు తలంటు మొదలవుతాయి. వీటివల్ల హాని ఏమీ లేదు, ఒంటికి హాయిగానే ఉంటుంది. కాని ముందోలు కింది వ్యాధికి అవి మందు కావు. మరికొందరికి దీనికి పూర్తిగా విరుద్ధమైన భయం పట్టుకొంటుంది. ఇది సుఖవ్యాధి అయి ఉంటుందని, పాత మాటలో చెప్పాలంటే ‘సెగ’ తగిలిందని అనుకొని, తన నడత మీదనో భార్య నడత మీదనో అనుమానం తెచ్చుకొంటారు. మొదటివారు తేలికగా తీసుకొని ఆలస్యం చేస్తారు, రెండవవారు భయపడి ఆలస్యం చేస్తారు.

కాండిడా అంటే ఏమిటి

ఈ వ్యాధికి కారణం కాండిడా అనే ఈస్ట్. ఈస్ట్ అంటే కంటికి కనిపించని ఏకకణ శిలీంధ్రం. బూజు జాతికి చెందినదే. ఇందులో సాధారణంగా కనిపించే రకం పేరు కాండిడా ఆల్బికాన్స్. లాటిన్ భాషలో ఈ రెండు మాటలకూ తెలుపుతోనే సంబంధం. పేరు పెట్టినవారికి ఆ తెల్లని పూత ఎంత ప్రస్ఫుటంగా కనిపించిందో ఊహించవచ్చు. ఈ ఈస్ట్ ఎక్కడో బయటి నుండి దాడి చేసే శత్రువు కాదు. ఆరోగ్యవంతుల నోటిలో, పేగులలో, చర్మపు మడతలలో కూడా కొద్దికొద్దిగా నివసిస్తూనే ఉంటుంది. చర్మం ఆరోగ్యంగా, పొడిగా ఉండి, శరీరపు రక్షణశక్తి సరిగా పనిచేస్తున్నంత కాలం దాని ఉనికి మనకు తెలియదు.

పరిస్థితి ఎప్పుడు మారుతుందో తెలుసుకోవడానికి తాటిచెట్టు కింద నిలబడితే చాలు. కుండలోకి దిగిన తీపి నీరాను సున్నం పూయకుండా అలాగే ఉంచితే కొన్ని గంటలలోనే పొంగి కల్లుగా మారుతుంది. అందులోని చక్కెరను గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్ట్‌లు ఆహారంగా తీసుకొని వృద్ధి చెందడమే అందుకు కారణం. తీపి, తేమ, వెచ్చదనం మూడూ ఒకచోట దొరికితే ఈస్ట్‌కు అంతకన్న కావలసింది లేదు. ముందోలు కింద వెచ్చదనం, తేమ ఎలాగూ ఉంటాయి. మూడవదైన తీపి కూడా అక్కడికి చేరినప్పుడు వ్యాధి విజృంభిస్తుంది.

ఆ తీపి మూత్రం ద్వారా వస్తుంది. రక్తంలో చక్కెర దాదాపు 180 మిల్లీగ్రాముల స్థాయిని దాటినప్పుడు మూత్రపిండాలు దానిని పూర్తిగా తిరిగి పీల్చుకోలేక మూత్రంలోకి వదలివేస్తాయి. మధుమేహం అనే పేరులోనే తేనె ఉన్నది. మూత్రం పోసిన చోట చీమలు చేరడాన్ని మన పూర్వవైద్యులు గుర్తించి గ్రంథాలలో రాశారు. పల్లెల్లో పెద్దవారు ఇప్పటికీ ఆ గుర్తును చెబుతారు. మూత్రవిసర్జన తరువాత ముందోలు కింద నిలిచిపోయే ఒకటి రెండు చుక్కలే ఈస్ట్‌కు ఆహారం. దీనికి తోడు, చక్కెర హెచ్చుగా ఉన్నప్పుడు సూక్ష్మజీవులను ఎదుర్కొనే తెల్లరక్తకణాల శక్తి కూడా తగ్గుతుంది.

అందువల్లనే ఈ వ్యాధి మొదటిసారి వచ్చిన నడివయసు పురుషునికి, ముఖ్యంగా మళ్లీమళ్లీ వస్తున్నవానికి, వైద్యుడు చేయించవలసిన పరీక్షలలో రక్తంలో చక్కెర పరీక్ష ముఖ్యమైనది. తనకు మధుమేహం ఉన్నదని ఆ రోజే మొదటిసారిగా తెలుసుకొనేవారు కొందరుంటారు. దాహం, అలసట, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం వంటి గుర్తులను వయసుకో పని ఒత్తిడికో ఆపాదించి ఊరుకొన్న మనిషిని చివరకు ఈ దురద ఆసుపత్రికి నడిపిస్తుంది. పూతమందు రాసి దురదను మాత్రం అణచివేస్తే ఆ అవకాశం కూడా పోతుంది. ఆ తరువాత చక్కెర నిశ్శబ్దంగా కళ్లను, మూత్రపిండాలను, పాదాల నరాలను దెబ్బతీస్తూనే ఉంటుంది.

ఇది కొద్దిమందికి సంబంధించిన మాట అని అనుకోవడానికి వీలులేదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి 2023లో ప్రచురితమైన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహం ఉన్నది. పెద్దవారిలో దేశపు సగటు 11.4 శాతం కాగా, తమిళనాడులో అది 14.4 శాతం. అంటే మన వీధిలో పెద్దవారు ఏడుగురుంటే వారిలో ఒకరు.

మాత్రతో వచ్చే తీపి

మధుమేహం ఉన్నదని తెలిసి, మందులు సరిగా వేసుకొంటూ, చక్కెర అదుపులో ఉంచుకొన్నవారికి కూడా ఈ వ్యాధి వచ్చే సందర్భం ఒకటున్నది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు పనిచేసే తీరే వేరు. అవి రక్తంలోని అదనపు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపిస్తాయి. గుండె బలహీనతకు, మూత్రపిండాల వ్యాధికి కూడా మేలు చేస్తాయి కాబట్టి ఇప్పుడు వైద్యులు వీటిని విరివిగా రాస్తున్నారు. మన దేశంలో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ గడువు 2020లోను, ఎంపాగ్లిఫ్లోజిన్ గడువు 2025 మార్చిలోను ముగియడంతో అనేక కంపెనీలు వీటిని తయారుచేయసాగాయి. ధరలు బాగా తగ్గాయి. ఇది పేద, మధ్యతరగతి రోగులకు నిజమైన మేలు. అయితే మూత్రంలో చక్కెర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి స్త్రీలలోను పురుషులలోను మర్మాంగపు ఈస్ట్ వ్యాధి ఈ మందుల వల్ల కొంత హెచ్చుతుంది.

మీ మాత్రల అట్టమీద ‘గ్లిఫ్లోజిన్’ అని ముగిసే పేరు ఉన్నదేమో చూసుకోండి. తమిళంలో అచ్చువేసి ఉండకపోవచ్చు. మందుల దుకాణంలో అడిగితే చెబుతారు. ఉంటే, ప్రతిసారీ మూత్రవిసర్జన తరువాత ముందోలును నెమ్మదిగా వెనుకకు జరిపి మంచినీటితో కడిగి, తుడిచి, తిరిగి ముందుకు జరపడం అలవాటు చేసుకోవాలి. దురద మొదలైతే వైద్యునికి చెప్పాలి. సిగ్గుపడి చెప్పకుండా మాత్రనే మానివేయడం సరికాదు. ఎందుకు మానినదీ తెలియక వైద్యుడు తరువాతిసారి చక్కెర పెరిగిందని మరో మందు రాస్తారు. సాధారణంగా ఈస్ట్ వ్యాధికి చికిత్స చేసి అదే మాత్రను కొనసాగించవచ్చు. పదేపదే వస్తుంటే మార్చవలసినదీ లేనిదీ వైద్యుడు నిర్ణయిస్తారు.

మధుమేహం లేనివారికి కూడా ఈ వ్యాధి రావచ్చు. వేరే జబ్బుకు యాంటీబయోటిక్ మందులు ఎక్కువ రోజులు వాడినవారికి, స్టీరాయిడ్లు తీసుకొంటున్నవారికి, స్థూలకాయులకు, హెచ్.ఐ.వి. వల్ల రక్షణశక్తి తగ్గినవారికి వచ్చే అవకాశం ఎక్కువ. సున్తీ చేయించుకొన్నవారికి అరుదు, అసలు రాదని కాదు. పని పరిస్థితులు కూడా తోడవుతాయి. నూలు మిల్లులలో దారం తెగకుండా గాలిలో తేమను కావాలనే ఎక్కువగా ఉంచుతారు. అక్కడ ఎనిమిది గంటలు నిలబడినవారి లోదుస్తులు చెమటతో తడిసే ఉంటాయి. ఫౌండ్రీలో కొలిమి దగ్గర పనిచేసేవారు, ఇంజను వేడిమీద గంటల తరబడి కూర్చొనే లారీ, ఆటో డ్రైవర్లు, తెల్లవారకముందే తడిలో పనికి దిగే పారిశుద్ధ్య కార్మికులు కూడా ఇదే స్థితిలో ఉంటారు. పని ముగిసిన వెంటనే స్నానం చేసి, పొడిగా తుడుచుకొని, ఉతికి ఎండలో ఆరిన నూలు లోదుస్తులు ధరించాలి. వదులుగా పంచె కట్టుకొనే పాత అలవాటు ఈ విషయంలో బిగుతైన జీన్సుకన్న మేలు. మంచం పట్టిన వృద్ధులను చూసుకొనేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. వారు తమంతట తాము చెప్పలేరు.

తామర వేరు, ఇది వేరు

గజ్జలలో వచ్చే తామరను, ఈస్ట్ వ్యాధిని చాలామంది ఒకటిగా భావిస్తారు. తామర తొడల లోపలి వైపున, గుండ్రని అంచుతో, మధ్యలో కొంత తేటగా వ్యాపిస్తుంది. పురుషాంగాన్ని సాధారణంగా అంటదు. ఈస్ట్ వ్యాధి పురుషాంగపు కొనమీదనే మొదలవుతుంది. గజ్జల మడతలకు పాకినప్పుడు చుట్టూ చిన్నచిన్న ఎర్ర పొక్కులు చెదురుగా కనిపిస్తాయి. అంగం మీద వచ్చే ఎర్రదనమంతా ఈస్ట్ కాదు. ఏదో ఒక నొప్పి మాత్రో యాంటీబయోటిక్ మాత్రో వేసుకొన్న ప్రతిసారీ అదే చోట నల్లని లేదా ఎర్రని మచ్చ, పుండు వస్తుంటే అది మందు పడకపోవడం వల్ల కలిగేది. నీటి పొక్కులు గుంపుగా వచ్చి పగిలితే హెర్పిస్ కావచ్చు; నొప్పిలేని గట్టి పుండు సిఫిలిస్ కావచ్చు. రాత్రిపూట ఒళ్లంతా దురదపెడుతూ ఇంట్లో మిగిలినవారికి కూడా ఉంటే గజ్జి అని అనుమానించాలి. ఈ తేడాలు చదివి ఇంట్లోనే తేల్చుకొమ్మని మా ఉద్దేశం కాదు. చూసి చెప్పవలసినవారు చూడకుండా మందు వాడితే పొరపాటు ఎంత సులభంగా జరుగుతుందో తెలియజేయడానికే ఇంత చెప్పవలసి వచ్చింది.

ఆ పొరపాటు ఎక్కువగా మందుల దుకాణం దగ్గర జరుగుతుంది. రద్దీ లేని వేళ చూసి, గొంతు తగ్గించి ‘దురదకు పూత’ అని అడిగితే మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు ఒకటి చేతిలో పెడతారు. అందులో శిలీంధ్రానికి మందుతో పాటు బలమైన స్టీరాయిడ్ కూడా ఉంటుంది. స్టీరాయిడ్ వల్ల రెండు రోజులలోనే దురద, ఎరుపు తగ్గి ప్రాణం కుదుటపడినట్లుంటుంది. ట్యూబు ఆపగానే మునుపటికన్న ఉధృతంగా తిరిగి వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. కొన్ని నెలలకు ఆ సున్నితమైన చర్మం పలుచబడి, చారలు పడి, తాకితే మండే స్థితికి వస్తుంది. మన దేశంలో తామర మొండివ్యాధిగా మారడానికి ఈ మిశ్రమ పూతలు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు ఏళ్లుగా హెచ్చరిస్తున్నారు. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టీరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది. ఆదేశం ఉన్నది, ట్యూబు కూడా దొరుకుతూనే ఉన్నది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్ అనే పేర్లు కనిపిస్తే వైద్యుడు రాయనిదే వాడవద్దు.

డెట్టాల్ వంటి ద్రవాలు, నిమ్మరసం, కర్పూరతైలం, ఘాటైన సబ్బు కూడా ఈ చోట వాడరాదు. ఇప్పటికే పగిలిన చర్మాన్ని అవి ఇంకా కాలుస్తాయి. రోజుకొకసారి గోరువెచ్చని మంచినీరు చాలు.

చికిత్స, ఇంటిమాట

నిర్ధారణ అయిన తరువాత చికిత్స సులభం. క్లోట్రిమజోల్ 1 శాతం పూతను రోజుకు రెండుసార్లు, అంగపు కొనమీద, ముందోలు లోపలి వైపున పలుచగా రాయాలి. సాధారణంగా ఒకటి రెండు వారాలు వాడాలి. మూడవ రోజుకే దురద తగ్గుతుంది కాబట్టి అక్కడితో ఆపివేయడం చాలామంది చేసే పని. వైద్యుడు చెప్పినన్ని రోజులూ వాడాలి. వ్యాధి తీవ్రంగా ఉంటే ఫ్లూకోనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి ఇస్తారు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లామైడ్ వంటి చక్కెర మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ తీసుకొంటున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వాటితో కలిసినప్పుడు ఫ్లూకోనజోల్ వల్ల చక్కెర మరీ పడిపోవడం, రక్తస్రావం వంటివి జరగవచ్చు. ముందోలు బిగుసుకొని వెనుకకు జరగకపోతే బలవంతం చేయరాదు. తరచు వ్యాధి వచ్చి తోలు మచ్చపడి బిగుసుకొన్నవారికి, చక్కెర అదుపులోకి వచ్చిన తరువాత, సున్తీ చేయించుకోవలసిందిగా వైద్యులు సూచించవచ్చు. అది మతానికి సంబంధించిన విషయం కాదు, చిన్న శస్త్రచికిత్స మాత్రమే.

భార్య విషయం. ఈస్ట్ వ్యాధిని సుఖవ్యాధిగా లెక్కించరు. అది ఎవరి శరీరంలోనైనా తనంతట తానే పెరగగలదు. ఒకరి నుండి ఒకరికి సోకే సందర్భాలు లేకపోలేదు, అయితే అది నడతకు సాక్ష్యం కాదు. కనుక ‘ఇది నీ వల్ల వచ్చిందా, నా వల్ల వచ్చిందా’ అనే తగవుకు ఇక్కడ ఆధారమే లేదు. ఆమెకు కూడా దురద, తెల్లబట్ట ఉంటే ఇద్దరూ ఒకేసారి చికిత్స తీసుకోవాలి; లేకుంటే ఒకరి నుండి మరొకరికి తిరుగుతూనే ఉంటుంది. ఆమెకు లక్షణాలేవీ లేకపోతే మందు అవసరం లేదు. మంట తగ్గేవరకు కలయిక మానడం మంచిది. కొన్ని పూతమందులు రబ్బరు నిరోధ్‌ను బలహీనపరుస్తాయని కూడా తెలిసి ఉండాలి.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం మరునాటి దాకా ఆగరాదు. వెనుకకు జరిపిన ముందోలు ముందుకు రాక, కొన ఉబ్బి నీలబడితే అది అత్యవసరం. మూత్రం ఆగిపోయినా అంతే. మధుమేహం ఉన్నవారికి జ్వరంతో పాటు వృషణాల చుట్టూ, మలద్వారం దగ్గర తీవ్రమైన నొప్పి, వాపు, చర్మం నల్లబడడం కనిపిస్తే ప్రాణాపాయకరమైన అంటువ్యాధి కావచ్చు. ఇది చాలా అరుదు, కాని గంటలు లెక్కపెట్టవలసిన వ్యాధి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇక చికిత్స తీసుకొన్నా రెండు మూడు వారాలకు మానని పుండు, గడ్డ, రక్తస్రావం ఉంటే క్యాన్సర్ కాదని నిర్ధారించుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఏమని చెప్పాలి

మొదట మీ వార్డుకు దగ్గరలోని నగర ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. తమిళంలో దానిని ‘నగర్పుర ఆరంభ సుగాదార నిలైయం’ అంటారు. అక్కడ చక్కెర పరీక్ష ఉచితం. ఇంకా వివరమైన పరీక్ష అవసరమైతే కోయంబత్తూరు వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, మదురైలోని ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి గాని పంపుతారు. రాజాజీ ఆసుపత్రి ఉన్న వీధి పేరు పానగల్ రోడ్డు. 1920లలో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న తెలుగువాడు పానగల్లు రాజావారి పేరు అది. చర్మవ్యాధుల విభాగాన్ని ‘తోల్ నోయ్ పిరివు’ అని అడగాలి. పక్కనే సుఖవ్యాధుల బోర్డు ఉండవచ్చు. ఆ బోర్డు కింద కూర్చొన్నంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు. హెచ్.ఐ.వి. అనుమానం ఉన్నవారికి ‘నంబిక్కై మైయం’లో రహస్యంగా, ఉచితంగా పరీక్ష చేస్తారు, 1097 నంబరుకు ఫోన్ చేసి కూడా వివరాలు అడగవచ్చు.

వైద్యుని గదిలో చెప్పవలసిన మాటలు కొద్దివే. దురదను తమిళంలో ‘అరిప్పు’ అని, మంటను ‘ఎరిచ్చల్’ అని అంటారు. శిలీంధ్ర వ్యాధిని ‘పూంజై తొట్రు’ అంటారు. మన ముందోలు అనే మాట వారికి ‘మున్‌తోల్’. రెండు భాషలకూ తోలు ఒకటే కాబట్టి వెంటనే అర్థమవుతుంది. ‘సక్కరై పార్క్కణుం’ అంటే చక్కెర పరీక్ష చేయమని అడిగినట్లు. నోట చెప్పలేకపోతే ఈ మాటలను చీటీమీద రాసి ఇవ్వవచ్చు. వాడిన ట్యూబు ఏదైనా ఉంటే, ఖాళీదైనా సరే, వెంట తీసుకువెళ్లండి. చక్కెర మాత్రల అట్ట కూడా తీసుకువెళ్లండి.

2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ప్రారంభమైన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి రక్తపోటు, చక్కెర పరీక్షిస్తారు. వచ్చేవారు ఎక్కువగా స్త్రీలు. ఈ బాధను వారితో చెప్పుకోవడానికి పురుషులు వెనుకాడడం సహజమే. వారితో చెప్పనవసరం లేదు. చక్కెర చూడమని చేయి చాపితే చాలు. పరగడుపున 126 లేదా అంతకు మించి వచ్చినా, మూడు నెలల సగటు చూపే పరీక్షలో 6.5 శాతం లేదా అంతకు మించి వచ్చినా వైద్యుని కలవాలి. దురద సంగతి అప్పుడు ఆయనతో చెప్పవచ్చు. పరగడుపు పరీక్షకు వెళ్లేవారు ముందు రాత్రి భోజనం తరువాత కనీసం ఎనిమిది గంటలు మంచినీరు తప్ప మరేమీ తీసుకోరాదు. ఉదయపు కాఫీ కూడా పరీక్ష అయిన తరువాతనే.